ఫాల్స్ ఫ్లోర్ కింద వైరింగ్: సర్వర్ రూముకు నియమాలు, లెక్కలు, పని వరస

నెల్లూరులో ఆస్పత్రి అయినా, ఒంగోలులో బ్యాంకు ఆఫీసు అయినా, కావలి వైపు రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ అయినా, సర్వర్ రూముకు ఫాల్స్ ఫ్లోర్ (శ్లాబు మీద కింద ఖాళీ వదిలి, లోహపు కాళ్ళ మీద పరిచే టైల్స్ నేల) వేయించగానే వినిపించే మాట ఒకటే: "ఇక వైర్లన్నీ కిందికి తోసెయ్యండి, పైన నీటుగా ఉంటుంది." ఎలక్ట్రీషియన్‌కీ అదే హాయి. గోడ కొట్టే పని లేదు, క్లాంపులు బిగించే పని లేదు, టైలు మూసేస్తే అడిగేవాడూ లేడు. ఫ్లోర్ కింద వైరింగ్‌కు పెట్టిన నియమాల్లో చాలావాటి పని ఈ హాయికి అడ్డుకట్ట వేయడమే.

ఎందుకంటే చాలా రూముల్లో ఆ ఖాళీ ఉన్నది ఏసీ గాలి కోసం. ఏసీ యూనిట్ చల్లగాలిని కిందికి ఊదుతుంది, అది చిల్లుల టైల్స్ గుండా ర్యాకుల (సర్వర్లు పేర్చే బీరువాల) ముందు పైకి లేస్తుంది. అక్కడ ఒక వైరు మాడిందంటే ఆ పొగను రూమంతా పంచిపెట్టేది మన ఏసీ ఫ్యానే. వైరు తొడుగులోని పీవీసీ ప్లాస్టిక్ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. తేమ తగిలితే అది ఆమ్లమై, మంట అంటని సర్వర్ల బోర్డులను కూడా తినేస్తుంది. పైగా ఇదంతా జరిగేది టైల్స్ చాటున. గాలి, చాటు అనే ఈ రెండు సంగతులు మనసులో పెట్టుకుంటే కింది నియమాలను బట్టీ పట్టే అవసరం రాదు.

ఏ నియమం ఎక్కడిది

ఫాల్స్ ఫ్లోర్ మాట వస్తే అందరూ చూపించేది అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లోని 645వ ఆర్టికల్. మన దగ్గర అది చట్టం కాదు. అయినా పెద్ద కంపెనీల టెండరు కాగితాల్లో ఆ నంబరు కనిపిస్తుంది, చదివి తెలుసుకోదగ్గ సరుకూ అందులో ఉంది. మనకు చట్టబద్ధంగా వర్తించేవి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు. అంతకు ముందు 2010 నాటివి ఉండేవి. వైరింగ్ పద్ధతికి భారతీయ ప్రమాణం (ఐఎస్) 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, అగ్ని భద్రతకు 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం చూడాలి. మన భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వేసిన పుస్తకం పేరు కూడా నేషనల్ ఎలక్ట్రికల్ కోడే. కాబట్టి టెండరులో ఉత్త "ఎన్‌ఈసీ" అని ఉంటే ఏ దేశానిదో ముందే రాతపూర్వకంగా అడగండి. తర్వాత బిల్లు దగ్గర గొడవ రాదు.

645 గురించి చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అది ఒక రకం బేరం. తన షరతులన్నీ పాటించిన రూముకు ఫ్లోర్ కింద కొన్ని సడలింపులు ఇస్తుంది. పాటించకపోతే మామూలు అధ్యాయాలు, ముఖ్యంగా గాలి నడిచే ఖాళీల గురించి చెప్పే 300.22, పూర్తి బిగువుతో వర్తిస్తాయి. ఆ షరతులు సుమారుగా ఇవి: రూముకు సొంత ఏసీ ఉండాలి, లేదా బిల్డింగ్ ఏసీని వాడుకుంటే పొగ వచ్చినప్పుడు మూసుకునే డాంపర్లు (గాలి దారి తలుపులు) ఉండాలి. అన్నిటినీ ఒక్కసారి ఆపే స్విచ్ ఉండాలి. గోడలు, నేల, సీలింగ్ నిప్పును ఆపేవిగా ఉండాలి. ఆ రూముకు సంబంధం లేని ఎలక్ట్రికల్ సామాను అందులో ఉండకూడదు. పనిలేనివాళ్ళు లోపల కూర్చోకూడదు. జిరాక్స్ మిషను, అకౌంట్స్ అమ్మాయి టేబులు, పాత ఫైళ్ళ అట్టపెట్టెలు ఉన్న రూము ఈ లెక్కలో సర్వర్ రూము కానే కాదు.

నెల్లూరు జిల్లాకు దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ), ప్రకాశానికి మధ్య డిస్కం కరెంటిస్తాయి. ఎవరిదైనా మీటరు దాకానే. ఆ తర్వాత లైసెన్సున్న కాంట్రాక్టరు చేత, పర్మిట్ ఉన్న సూపర్‌వైజరు ఉండగా పని చేయించుకుని, టెస్టు రిపోర్టు తీసి పెట్టుకోవడం మన బాధ్యత.

1. పని మొదలుపెట్టే ముందు ఒక టైలు లేపండి

సక్షన్ లిఫ్టర్‌తో గోడ పక్క టైలు లేపి, రూములో లైటార్పి, వంగి పక్క గది వైపు చూడండి. వెలుతురు కనిపిస్తోందా? కనిపిస్తే పార్టిషన్ గోడను ఫాల్స్ ఫ్లోర్ మీదే నిలబెట్టారన్నమాట. మన ఊళ్ళలో జిప్సం, గాజు పార్టిషన్లు వేసేవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు. ముందు ఫ్లోర్ పరిచి, దాని మీద గోడ ఎత్తుతారు. అప్పుడు పైకి రెండు గదులు, కింద మాత్రం ఒకటే. చల్లగాలి పక్క గదికి కారిపోతుంది, పక్క గది పొగ ఇటు వస్తుంది, ఎలుకలకు రాచబాట. గోడను శ్లాబు దాకా దించాలి. వైర్లు దాటే కన్నాలను నిప్పును ఆపే సీలెంట్‌తో పూడ్చాలి. మామూలు పీయూ ఫోమ్ మండుతుంది, దానితో పూడిస్తే పూడ్చనట్టే.

అదే చూపులో శ్లాబు సంగతి కూడా చూడండి. తడి మరకలున్నాయా, ఏసీ డ్రైన్ పైపు ఎటు పోతోంది, చెద లేచిందా? నవంబరు వానలు మనకు కొత్త కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అందుకే కుదిరితే సర్వర్ రూము మేడ మీద పెట్టండి. కింది అంతస్తు తప్పదంటే కండ్యూట్లను (వైర్లు నడిచే గొట్టాలను), బాక్సులను శ్లాబు మీద పడుకోబెట్టకుండా బ్రాకెట్ల మీద ఎత్తండి, ఏసీ డ్రైన్ దగ్గర నీటి లీకు సెన్సారు పెట్టించండి. కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల పెడెస్టల్స్‌కూ (ఫ్లోర్ కాళ్ళకూ) బ్రాకెట్లకూ మంచి గాల్వనైజింగ్ ఉందో లేదో చూడండి.

2. లోడు రాసి, కేబుల్ సైజు లెక్క కట్టండి

అంచనా మీద కేబుల్ కొనడం మనవాళ్ళకు అలవాటు. ఇక్కడ అది కుదరదు. ఒక ర్యాకుకు 3 కిలోవాట్లు అనుకుందాం. 230 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.95 అయితే 13.7 ఆంపియర్లు వస్తుంది. సర్క్యూట్ కేబుల్ కనెక్టెడ్ లోడుకు 125 శాతం మోయాలన్నది 645 నియమం. అంటే 17.2. కాబట్టి 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడే స్విచ్).

"దానికి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఎక్కువే" అంటాడు షాపాయన. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ పట్టికలో కండ్యూట్‌లో వేసిన 4 స్క్వేర్ ఎంఎం పీవీసీ వైరుకు 32 ఆంపియర్లు ఉన్న మాట నిజమే. కానీ అది చుట్టూ 30 డిగ్రీల వేడి, కండ్యూట్‌లో ఒక్క సర్క్యూట్ ఉన్నప్పటి మాట. 40 డిగ్రీలకు 0.87తో తగ్గించాలి. ఆరు సర్క్యూట్లను ఒకే ట్రంకింగ్‌లో (వైర్లు నడిచే మూత ఉన్న కాలువలో) కుక్కితే మళ్ళీ 0.57తో తగ్గించాలి. అలా లెక్క కడితే 32 కాస్తా 15.9 అవుతుంది. అంటే 20 ఆంపియర్ల ఎంసీబీ పడేలోపే ఆ వైరు వేడెక్కిపోతుంది. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే 41 నుంచి తగ్గి 20.3 వస్తుంది, అంచు మీద పాసు. ఇంకో దారి, నాకు నచ్చిన దారి, కండ్యూట్‌కు రెండు సర్క్యూట్లే వేసి, కండ్యూట్ల మధ్య ఖాళీ వదలడం. అప్పుడు తగ్గింపు 0.80 మాత్రమే, 4 స్క్వేర్ ఎంఎంకు 22.3 వస్తుంది. రాగి డబ్బులు మిగులుతాయి, రేపు ఒక సర్క్యూట్ మార్చాలన్నా సుఖం.

ఫ్లోర్ కింద ఏసీ గాలే కదా, 40 డిగ్రీలు ఎందుకు అని అడుగుతారు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయిందనుకోండి. యూపీఎస్ సర్వర్లను నడుపుతుంది, ఏసీని నడపదు. జనరేటర్ అందుకునేదాకా, ఏసీ కంప్రెసర్ మళ్ళీ పట్టేదాకా సర్వర్లు పూర్తి లోడు మీద వేడి కక్కుతూనే ఉంటాయి. కేబుల్‌ను ఆ గంటకు తగ్గట్టు ఎంచుకోవాలి.

న్యూట్రల్ దగ్గర ఇంకో మెలిక ఉంది. కంప్యూటర్ల ఎస్ఎంపీఎస్‌లు (లోపలి పవర్ సప్లైలు) కరెంటును ముక్కలు ముక్కలుగా లాగుతాయి. అందులోంచి పుట్టే 150 హెర్ట్‌జ్ హార్మోనిక్ (మన 50 హెర్ట్‌జ్ కరెంటుకు మూడు రెట్ల వేగపు అల) మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో ఒకదానికొకటి కొట్టేసుకోదు, కూడుకుంటుంది. పాత పీసీలున్న కాలేజీ ల్యాబుల్లో న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటును దాటడం మామూలే. సిద్ధాంతం ప్రకారం 1.73 రెట్ల దాకా పోవచ్చు. కాబట్టి మూడున్నర కోరు కేబుల్‌ను యూపీఎస్ అవుట్‌పుట్‌కు వాడొద్దు. అందులో న్యూట్రల్ సగం సైజే. నిండు న్యూట్రల్ ఉన్న నాలుగు కోర్ల కేబులే వేయండి, డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి ప్రతి సర్క్యూట్‌కూ దాని న్యూట్రల్ దానికి విడిగా లాగండి.

కేబుల్ రకం: ఎఫ్ఆర్ అని మాత్రమే రాసి ఉంటే మంట త్వరగా పాకదని అర్థం, పొగ తగ్గుతుందని కాదు. కనీసం పొగ తక్కువ వచ్చే ఎఫ్ఆర్ఎల్ఎస్ తీసుకోండి. బడ్జెట్ ఉంటే ఐఎస్ 17048 ప్రకారం వచ్చే హాలోజెన్ లేని కేబుల్ కొనండి. ఫ్లోర్ కింద గాలి నడిచే రూములో నేనైతే దీని దగ్గర పీనాసితనం చూపించను.

3. కండ్యూట్, బాక్సులు, ప్లగ్గులు

డీబీ నుంచి ఫ్లోర్ కింద సాకెట్ దాకా వచ్చే వైరింగ్‌ను 645 కండ్యూట్‌లోనో, మెటల్ వైర్‌వేలోనో, మెటల్ తొడుగున్న కేబుల్‌గానో వేయమంటుంది. ఉత్త వైర్లను శ్లాబు మీద పరవడం ఎక్కడా ఒప్పుకోదు. దాని జాబితాలో ప్లాస్టిక్ కండ్యూట్‌కు కూడా చోటుంది, కానీ రూము 645 షరతులు తప్పి 300.22 కిందికి వస్తే ప్లాస్టిక్‌కు చోటు పోతుంది. మన ఎలుకల సంగతి తెలిసినవాళ్ళు ఈ చర్చ పెట్టుకోకుండా జీఐ (జింకు పూసిన ఇనుప) కండ్యూటే వేస్తారు. లేదంటే ఐఎస్ 1554 లేదా ఐఎస్ 7098 ఆర్మర్డ్ (ఇనుప తొడుగున్న) కేబుల్ వేసి, రెండు చివరలా గ్లాండ్ (కేబుల్‌ను బాక్సుకు పట్టి ఉంచే బిగింపు) బిగించి ఆర్మర్‌ను ఎర్తు చేయండి. గ్లాండ్ లేకుండా కేబుల్‌ను బాక్సు కన్నంలోంచి దూర్చి వదిలేయడం మాత్రం వద్దు. రేకు అంచు రోజూ కొంచెం కొంచెంగా ఇన్సులేషన్‌ను కోస్తుంది.

సాకెట్లు, జంక్షన్ బాక్సులు టైలు లేపితే చేతికి అందేలా ఉండాలి. ఇది నియమం, ఇంగితం కూడా. ర్యాకు కింద టైలు లేవదు. కాబట్టి బాక్సును ర్యాకు ముందో వెనకో, మనిషి నిలబడే వరసలో పెట్టండి. మూడు పిన్నుల మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు కేబుల్ తగిలితే వదులవుతుంది. దాని బదులు మూత పడి పట్టి ఉంచే ఐఈసీ 60309 రకం నీలం ఇండస్ట్రియల్ సాకెట్ వాడండి. అక్కడి నుంచి ర్యాకు పీడీయూకు (ర్యాకులోని ప్లగ్గుల పట్టీకి) వెళ్ళే కార్డు 4.5 మీటర్లు దాటకూడదని 645 అంటుంది. అందకపోతే సాకెట్‌ను దగ్గరికి జరపండి.

స్పైక్ బస్టర్ (ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బోర్డు) ఫ్లోర్ కిందికి పోకూడదు. దాని గురించి ఇంకేం చెప్పను.

టైలుకు కోసిన కన్నం అంచు కేబుల్‌ను రాపిడి చేయకుండా, చెత్త కింద పడకుండా ఉండాలని కూడా కోడ్ చెబుతుంది. బ్రష్ గ్రోమెట్ (కన్నానికి బిగించే కుచ్చుల అంచు) దొరుకుతుంది, కొనండి. అది గాలి వృథాగా కారడాన్ని కూడా ఆపుతుంది. టైలు కోయడం రూము బయట చేయించండి. ఇనుప రజను ఏసీ గాలితో లేచి సర్వర్లోకి పోతే ఆ షార్టు ఎక్కడ వచ్చిందో ఎవరూ కనుక్కోలేరు.

4. డేటా కేబుళ్ళు, చచ్చిన కేబుళ్ళు

రాగి డేటా కేబుల్‌ను కరెంటు కేబుల్ పక్కనే పొడుగునా నడిపించకండి. కనీసం 2 అంగుళాలు, కుదిరితే వేరే ట్రేనే. దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీలలో దాటించండి. లోహం లేని ఫైబర్‌కు కరెంటు రొద అంటదు, దాన్ని నలగకుండా చూస్తే చాలు. ట్రేలు గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా గోడలా నిలబడితే చివరి ర్యాకులకు చల్లదనం అందదు. ట్రేలు వేసే ముందు ఏసీ ఎటు ఊదుతుందో చూడండి.

వాడకంలో లేని కేబుళ్ళను తీసేయాలన్నది 645లో స్పష్టంగా ఉంది, రేస్‌వేలో (కండ్యూట్ లాంటి దారిలో) ఉన్నవాటికి మాత్రం మినహాయింపు. పదేళ్ళ నాటి రూములో టైలు లేపితే కనిపించేది ఇదే: పాత స్విచ్‌వి రెండు చివరలూ కోసేసి వదిలేసిన క్యాట్-5 కట్టలు, వాటి మీద వేలు మందాన దుమ్ము, దాని మీద కొత్త క్యాట్-6, ఆ కట్ట అడుగున ఎక్కడో ఇంకా కరెంటున్న ఒక నల్ల కార్డు. మంటకు ఇది మేత, గాలికి అడ్డం. తీసేటప్పుడు లాగకండి. లాగితే పక్కన బతికున్న కేబుల్ ఊడొస్తుంది. టెస్టర్‌తో, టోనర్‌తో (కేబుల్‌లో శబ్దం పంపి జాడ పట్టే పరికరంతో) చూసుకుని, చచ్చిందని తేలాక ముక్కలుగా కోసి తీయండి. ఆదివారం పెట్టుకోవాల్సిన పని ఇది.

5. ఎర్తింగ్

మన జిల్లాల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. "కంప్యూటర్లకు సపరేట్ ఎర్తు" అని ఒక పిట్ (ఎర్తు గుంట) తవ్వించి, దాన్ని బిల్డింగ్ ఎర్తుతో కలపకుండా నేరుగా సర్వర్లకు ఇస్తారు. సామాను కంపెనీ ఇంజినీరు న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిచి, తక్కువుందని సంతోషిస్తాడు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. సర్వర్ బాడీకి ఫేజు తగిలితే ఆ కరెంటు మట్టి గుండా తిరిగి రావాలి. మట్టి నిరోధం కొన్ని ఓములున్నా చాలు, ఎంసీబీ వెంటనే పడేంత కరెంటు రాదు, బాడీ అలాగే షాకిస్తూ ఉంటుంది. పిడుగు పడితే ఇంకా ఘోరం. రెండు ఎర్తుల మధ్య వేల వోల్టుల తేడా వచ్చి, అది నెట్‌వర్క్ కార్డు మీద తీరుతుంది. వేసవి ఈదురుగాలుల్లో పిడుగులు మనకు మామూలే కదా.

కాబట్టి పిట్లు ఎన్నైనా తవ్వండి, ఐఎస్ 3043 చెప్పినట్టు అన్నిటినీ కలపండి. సర్వర్ల ఎర్తు వైరును ఇతర లోడ్లతో పంచకుండా విడిగా లాగొచ్చు, అది చివరికి మెయిన్ ఎర్తు బార్‌కు చేరితే చాలు. పిట్ల విషయంలో నేల తీరు చూడాలి. చీమకుర్తి వైపు రాతినేలలో ఒక్క పిట్‌తో మంచి (తక్కువ నిరోధపు) రీడింగ్ రావడం కష్టం. తీరం ఇసుక వేసవిలో ఎండి రీడింగ్ పెరుగుతుంది. కొలత మే నెలలో తీసుకోండి, డిసెంబరులో తీసినది చూసి మురిసిపోవద్దు.

ఫాల్స్ ఫ్లోర్ పెడెస్టల్స్ లోహమే. వరసలో కొన్నింటికొకటి చొప్పున రాగి తీగతో కలిపి, ఆ జాలాన్ని ఎర్తు బార్‌కు కట్టండి. ర్యాకులు, ట్రేలు, కండ్యూట్లు, అన్నీ దానికే. పెయింటు మీద లగ్గు బిగిస్తే అది అలంకారమే, గీకి బిగించండి.

ఆర్‌సీసీబీ (ఎర్తులోకి కరెంటు లీకైతే పడే స్విచ్) ఊరికే పడిపోతోందని తీసేయించేవాళ్ళున్నారు. ఒక్కో కంప్యూటరు ఫిల్టరు ఒకటో రెండో మిల్లీ ఆంపియర్లు ఎర్తులోకి వదులుతుంది, అది దాని స్వభావం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఇరవై కంప్యూటర్లను ఒకే దాని మీద పెడితే పడక ఏం చేస్తుంది? సర్క్యూట్లు విడదీయండి, దాన్ని తీసేయకండి. ఒక సర్క్యూట్‌లో ఇలాంటి లీకేజీ 10 మిల్లీ ఆంపియర్లు దాటితే ఎర్తు వైరు కనీసం 10 స్క్వేర్ ఎంఎం రాగి ఉండాలని ఐఈసీ నియమం. ఆ వైరు ఊడితే లీకేజీ అంతా బాడీ మీదికి వస్తుంది కాబట్టి.

6. అన్నీ ఆపే బటన్, పొగ సెన్సారు

అగ్నిమాపకవాళ్ళు లోపలికొచ్చే ముందు కరెంటు పూర్తిగా పోవాలి. యూపీఎస్ ఉన్న రూములో మెయిన్ ఆపితే పోదు. బటన్ నొక్కితే యూపీఎస్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, బ్యాటరీ మూడూ తెగాలి, ఏసీ కూడా ఆగాలి. దాన్ని బయటికి పోయే తలుపు దగ్గర, చేతికందేలా, పేరు రాసి పెట్టండి, మీద మూత ఉండాలి. మూత లేని ఎర్ర బటన్‌ను తలుపు తెరిచే బటన్ అనుకుని నొక్కేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

ఫ్లోర్ కింద కూడా పొగ సెన్సారు ఉండాలి, అది పలికితే ఏసీ ఫ్యాన్ దానంతటదే ఆగాలి. సెన్సారు పెట్టి, హూటర్‌కు కలిపి, ఏసీకి కలపకుండా వదిలేసిన రూములే ఎక్కువ. పైన టైలు మీద సెన్సారు గుర్తు అంటించండి, లేకపోతే మరుసటి ఏడాది అది ఎక్కడుందో వెతుక్కోవాలి.

7. టైల్స్ మూసే ముందు టెస్టులు

సర్వర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు విడదీసి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) ఇన్సులేషన్ చూడండి, 1 మెగా ఓమ్ కనీసం. కొత్త వైరింగ్‌లో దానికి ఎన్నో రెట్లు రావాలి. రెండు మూడు చూపిస్తే ఎక్కడో తడి ఉందనో, కేబుల్ నలిగిందనో అర్థం. తర్వాత ప్రతి సాకెట్ దగ్గర ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయేమో, ఎర్తు కంటిన్యూటీ ఉందో లేదో, ఆర్‌సీసీబీ మీటరుతో పడుతోందో లేదో చూడాలి. లోడు పెట్టాక ట్రూ ఆర్ఎంఎస్ క్లాంప్ మీటరుతో న్యూట్రల్ కరెంటు కొలిచి కాగితం మీద రాయండి. మామూలు చవక క్లాంప్ హార్మోనిక్స్ ఉన్నచోట తక్కువ చూపిస్తుంది. చివరగా ఎర్ర బటన్ నిజంగా నొక్కండి, సెన్సారుకు పొగ స్ప్రే కొట్టండి. సర్వర్లు రన్నింగ్‌లోకి రాకముందే ఇది చేయాలి. తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

టైల్స్‌కు గోడ మీద నిలువునా అంకెలు, అడ్డంగా అక్షరాలు వేయించి, ఏ బాక్సు ఏ టైలు కింద ఉందో పటం గీసి డీబీ తలుపు లోపల అంటించండి. ప్రతి కేబుల్‌కు రెండు చివరలా అదే నంబరు ట్యాగు ఉండాలి. కొత్త సర్క్యూట్ లాగినవాడు ఆ పటంలో పెన్నుతో అయినా దాన్ని చేర్చి తేదీ వేసేదాకా బిల్లు పాస్ చేయకండి.